ఉగాది పచ్చడికి యూనివర్సిటీ డబ్బు: క్యాంపస్‌లో చిన్న గ్రాంటు తెచ్చుకోవడం ఎలా

అమెరికాలో మాస్టర్స్‌కి చేరిన వాళ్లెవరైనా మొదటి సెమిస్టర్ ఫీజు బిల్లు ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. ట్యూషన్ కింద ఇంకో నాలుగైదు వరుసలుంటాయి: హెల్త్ ఫీజు, టెక్నాలజీ ఫీజు, జిమ్ ఫీజు, స్టూడెంట్ యాక్టివిటీ ఫీజు. ట్యూషన్ అంకె చూసిన గుండెదడలో ఆ చివరి వరుస మీద కన్ను ఆగదు. ఆగాలి. అక్కడ కట్టిన డబ్బులో కొంత, విద్యార్థులు సొంతంగా జరుపుకునే కార్యక్రమాలకే తిరిగి వస్తుంది. దానంతటది రాదు, అడిగిన వాళ్లకి వస్తుంది.

నేను రెండేళ్లు ఒక ఇండియన్ విద్యార్థుల సంఘానికి ట్రెజరర్‌గా ఉన్నాను. తర్వాత ఒక సెమిస్టర్ ఈ గ్రాంట్లు పంచే కమిటీలో పనిచేశాను. అడిగే వరుసలోనూ ఇచ్చే వరుసలోనూ కూర్చున్నాక ఒకటి అర్థమైంది. మనం పండగకి డబ్బు అడుగుతాం, వాళ్లు పరిచయాలకి డబ్బు ఇస్తారు. ఈ తేడా పట్టుకుంటే అప్లికేషన్ సగం రాసేసినట్టే.

డబ్బు ఎక్కడుందో ముందు వెతకండి

ఒకే చోట ఉండదు. మొత్తం విద్యార్థులకి స్టూడెంట్ గవర్నమెంట్ ఉంటుంది, చాలా యూనివర్సిటీల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్లకి విడిగా గ్రాడ్యుయేట్ స్టూడెంట్ అసోసియేషన్ ఉంటుంది. రెండింటికీ గ్రాంట్ల కమిటీలుంటాయి. ఇంటర్నేషనల్ ఆఫీసులో, మీ డిపార్ట్‌మెంట్‌లో, హాస్టల్‌లో ఉండేవాళ్లయితే రెసిడెన్స్ హాల్ కౌన్సిల్‌లో కూడా చిన్న చిన్న నిధులుంటాయి. మొత్తాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మొదటిసారి కొన్ని వందల డాలర్లకి మించి ఆశ పెట్టుకోకండి. వందల్లో అడిగే చిన్న గ్రాంటుకి పోటీ తక్కువ, ప్రశ్నలూ తక్కువ.

కొన్ని కమిటీలు రిజిస్టరైన సంఘాలకే ఇస్తాయి. మీకు సంఘం లేకపోతే కంగారుపడి కొత్తది పెట్టకండి. అడ్వైజర్‌ని వెతకడం, నియమావళి రాయడం, ఆఫీసర్ల ట్రైనింగ్, ఇదంతా అయ్యేసరికి సెమిస్టర్ అయిపోతుంది. ఇప్పటికే ఉన్న సంఘం దగ్గరికెళ్లి "పని మేం చేస్తాం, పేరు మీది పెట్టండి" అంటే కాదనేవాళ్లు అరుదు.

పబ్లిక్ యూనివర్సిటీల్లో ఈ ఫీజు వెనక ఒక కోర్టు కథ ఉంది. యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్‌లో కొందరు విద్యార్థులు, మాకు నచ్చని సంఘాలకి మా ఫీజు ఎందుకు వెళ్లాలని కేసు వేశారు. 2000లో అమెరికా సుప్రీంకోర్టు, ఫీజు వసూలు చేయొచ్చు కానీ పంచేటప్పుడు ఎవరి అభిప్రాయం నచ్చింది, ఎవరిది నచ్చలేదు అని చూడకూడదని చెప్పింది. దీని పేరు సౌత్‌వర్త్ కేసు. అందుకే కమిటీలు అంతా ఫారాలు, పాయింట్లు, రూల్స్ ప్రకారం నడుస్తాయి. మీ మొహం చూసి ఇవ్వరు, మొహం చూసి ఆపకూడదు కూడా. ఫారంలో అడిగిన ప్రతి గడికీ జవాబు రాయాల్సిందే.

ఎవరు ఎవరిని కలుస్తారో తేల్చుకోండి

అమెరికాలో విదేశీ విద్యార్థుల్ని ఏటా లెక్కపెట్టే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023–24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. ఆ ఏడాది చైనాని దాటి మొదటి స్థానానికి వచ్చాం. మన వాళ్లు ఎక్కువగా ఉన్న క్యాంపస్‌లో నలుగురు తెలుగువాళ్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండి, ఒకే ఇండియన్ స్టోర్‌లో సరుకులు కొని, ఒకే ప్రాజెక్ట్ గ్రూపులో పడి, రెండేళ్లూ తెలుగులోనే గడిపేయొచ్చు. తప్పు కాదు, నేనూ మొదటి సెమిస్టర్ అలాగే గడిపాను. కానీ కమిటీకి ఈ సంగతి తెలుసు. "తెలుగు విద్యార్థులు ఉగాది జరుపుకుంటారు, 120 మంది వస్తారు" అని రాస్తే, ఇప్పటికే ఒకరికొకరు తెలిసిన 120 మందికి భోజనం పెట్టమంటున్నారని వాళ్లకి అర్థమవుతుంది.

నేనైతే ఇలా చేయమంటాను. ఉగాది సాధారణంగా స్ప్రింగ్ సెమిస్టర్ మధ్యలో వస్తుంది. దాదాపు అదే రోజుల్లో, మార్చి 20 ప్రాంతంలో, ఇరాన్ వాళ్ల కొత్త సంవత్సరం నౌరూజ్ వస్తుంది. 2026లో ఉగాది మార్చి 19, నౌరూజ్ మార్చి 20. ఏప్రిల్ నడుమ తమిళ, సింహళ, థాయ్ కొత్త సంవత్సరాలు. మనకి ఉగాది పచ్చడిలో ఆరు రుచులు. ఇరాన్ వాళ్లు హఫ్త్‌సీన్ అనే బల్ల పేరుస్తారు. ఫార్సీలో 'సీన్' అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులు దాని మీద ఉండాలి: ఆపిల్, వెల్లుల్లి, వెనిగర్, మొలకెత్తిన గోధుమ నారు, ఇలాంటివి. ఆరు రుచులు, ఏడు వస్తువులు. ఒక గదిలో రెండు బల్లలు వేసి, ఇటు వాళ్లు అటు, అటు వాళ్లు ఇటు వెళ్లి "ఇదేంటి, ఇదెందుకు" అని అడిగేలా చేస్తే చాలు. స్టేజీ అక్కర్లేదు, డాన్సులు అక్కర్లేదు, ముఖ్య అతిథి అసలే అక్కర్లేదు.

ఇరానీ విద్యార్థుల సంఘానికి ముందే మెయిల్ పెట్టండి. అప్లికేషన్ రాశాక, చివరి రోజు "మీ పేరు కూడా వేసుకుంటాం" అని అడగకండి. వాళ్లతో కూర్చుని ప్లాన్ చేస్తే బడ్జెట్ పంచుకోవచ్చు, గది దొరకడం తేలిక, పైగా రెండు సంఘాలు కలిసి చేసే వాటికి చాలా కమిటీలు ఎక్కువ పాయింట్లు వేస్తాయి.

మందిని తగ్గించండి. 45 మంది వచ్చి అందులో సగం మంది కొత్త ముఖాలతో మాట్లాడి వెళ్తే అది పరిచయాల కార్యక్రమం. 300 మంది వచ్చి ప్లేటు పట్టుకుని తమ వాళ్లనే వెతుక్కుంటే అది పెళ్లి భోజనం.

తేదీ, గది

అప్లికేషన్‌కి కనీసం ఆరు వారాల ముందు క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ వస్తుంది, ఆ వారం క్యాంపస్ ఖాళీ. మిడ్‌టర్మ్‌లు చూడండి. రంజాన్ చూడండి: 2026లో ఈద్ కూడా సరిగ్గా ఉగాది, నౌరూజ్ రోజుల్లోనే పడింది. ఉపవాసాలుండగా సాయంత్రం నాలుగింటికి భోజనాల కార్యక్రమం పెట్టి "అందరికీ ఆహ్వానం" అని పోస్టర్ వేస్తే నవ్వుతారు. ఇలాంటి ఏడాది వారం ఆగి, ఒక శుక్రవారం సాయంత్రం పెట్టుకోవడం నయం. తిథి దాటాక పచ్చడేంట్రా అని అమ్మ ఫోన్‌లో అడుగుతుంది. పండగ రోజు ఇంట్లో చేసుకోండి, క్యాంపస్‌లో వారం తర్వాత చేయండి. అమ్మకి రెండో ఫోటో పంపకపోతే సరి.

గది బుక్ చేసేటప్పుడు మూడు అడగండి: ఎంతమంది పట్టొచ్చు, బయటి ఆహారం తేవచ్చా, బల్లలు కదపొచ్చా. దీపం వెలిగించాలనుంటే నాలుగోది: మంట పెట్టడానికి అనుమతి ఉందా. చాలా భవనాల్లో ఉండదు, ఫైర్ అలారం మోగితే భవనమంతా ఖాళీ చేయాలి. బ్యాటరీ దీపాలతో సరిపెట్టుకోండి.

బడ్జెట్ వేయండి, సెంట్లతో సహా

కమిటీలో నేను ముందు చదివింది ఎప్పుడూ బడ్జెట్టే. పేరా ఎంత బాగా రాసినా "ఫుడ్: 500" అని ఒక్క వరుస కనిపిస్తే ఆలోచించలేదని తెలిసిపోతుంది. 45 మందికి ఇలా వేయొచ్చు:

- క్యాంపస్ ఒప్పుకున్న కేటరర్ నుంచి స్నాక్స్, మనిషికి 6 డాలర్ల చొప్పున: 270
- పచ్చడి సామాను (మామిడికాయ, బెల్లం, చింతపండు, వేప పువ్వు, మిరియాలు, ఉప్పు, అరటిపండ్లు): 60
- హఫ్త్‌సీన్ బల్ల సామాను: 40
- కప్పులు, చెంచాలు, ప్లేట్లు: 35
- పేరు స్టిక్కర్లు, మార్కర్లు, రుచుల కార్డుల ప్రింటింగ్: 15

మొత్తం 420 డాలర్లు. మనిషికి 9 డాలర్ల 33 సెంట్లు. ఈ చివరి అంకె మీరే లెక్కేసి రాయండి, లేకపోతే కమిటీలో ఎవరో ఒకరు క్యాలిక్యులేటర్ తీస్తారు.

ఆహారం దగ్గరే ఎక్కువ మంది ఇరుక్కుంటారు. ఇంట్లో వండి తెచ్చి పంచడం చాలా క్యాంపస్‌లలో కుదరదు. లైసెన్సున్న వంటశాల నుంచో, యూనివర్సిటీ జాబితాలోని కేటరర్ నుంచో రావాలంటారు. మరి పచ్చడెలా? కలిపి తేకండి. ఆరు గిన్నెల్లో ఆరు విడిగా పెట్టి, ఎవరి కప్పు వాళ్లు కలుపుకునేలా చేయండి. దీనికీ ఈవెంట్స్ ఆఫీసుని ముందే మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. అసలు లాభం వేరే ఉంది: మనుషులు కలుపుకుంటూ మాట్లాడుకుంటారు. వేప పువ్వు ఎక్కువేసుకున్న వాడి మొహం చూసి పక్కవాడు నవ్వుతాడు. పరిచయమైపోతుంది. వేప పువ్వు పొడి ప్యాకెట్ ఇండియన్ స్టోర్‌లో ఉంటుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, పండగ వారంలో అయిపోతుంది.

అలర్జీల కార్డులు రాసిపెట్టండి. హఫ్త్‌సీన్‌లో పెట్టే సమనూ అనే తీపి గోధుమ మొలకలతో చేస్తారు, గోధుమ పడని వాళ్లుంటారు.

బడ్జెట్‌లో పెట్టకూడనివీ ఉన్నాయి. మందు గురించి చెప్పక్కర్లేదు. గిఫ్ట్ కార్డులు వద్దు, ట్యాక్స్ లెక్కలో అవి నగదు కిందే వస్తాయి. స్నేహితుడు డీజే బాగా వేస్తాడు, 150 డాలర్లిద్దాం అనుకోకండి. అతను ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీదుంటే ఆ 150 డాలర్లు అనుమతి లేని ఉద్యోగం కిందికొచ్చి అతని స్టేటస్‌కే ముప్పు. ఊరికే వచ్చి పాటలు పెట్టమనండి, భోజనం పెట్టండి. సినిమా వేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తే మొదట్లోనే ఆపండి: ఇంట్లో చూసే స్ట్రీమింగ్ అకౌంట్‌తో గదినిండా జనానికి చూపించడానికి హక్కు ఉండదు. పబ్లిక్‌గా వేసే లైసెన్సుకి విడిగా డబ్బు కట్టాలి, అది మీ గ్రాంటంత ఉండొచ్చు.

అప్లికేషన్ రాయడం

ఇంగ్లీషులో రాస్తారు కాబట్టి భావం చెబుతాను. నాకు వచ్చిన చాలా అప్లికేషన్లు ఇలా మొదలయ్యేవి: "భారతదేశం గొప్ప సంస్కృతికి నిలయం. ఉగాది తెలుగువారి అతి ముఖ్యమైన పండగ. దీని ద్వారా విద్యార్థుల్లో వైవిధ్యం పట్ల అవగాహన పెరుగుతుంది." చదివిన రెండో నిమిషానికి గుర్తుండదు.

దీని బదులు: "మా డిపార్ట్‌మెంట్‌లో మొదటి సెమిస్టర్ విద్యార్థులు క్లాసు అయ్యాక ఎవరి దేశం వాళ్లతో వాళ్లే వెళ్లిపోతున్నారు. మార్చిలో మాకూ ఇరానీ విద్యార్థులకీ ఒకేసారి కొత్త సంవత్సరం వస్తుంది. 45 మందిని ఎనిమిది బల్లల దగ్గర, ఒక్కో బల్ల దగ్గర కనీసం రెండు దేశాల వాళ్లుండేలా కూర్చోబెడతాం. పక్కవాళ్లని అడుగుతూ ఎవరి పచ్చడి వాళ్లు కలుపుకుంటారు, ఒకరి బల్ల ఒకరు పేరుస్తారు. వచ్చిన వాళ్లలో సగం మంది మా రెండు సంఘాల్లో లేనివాళ్లు కావాలన్నది మా లక్ష్యం." అంతే. సమస్య, ఏం చేస్తారు, ఎవరు వస్తారు, ఎలా లెక్కపెడతారు.

"అందరికీ ప్రవేశం" అన్న మాట తప్పక ఉండాలి, ఎందుకంటే ఫీజు అందరూ కట్టారు. పోస్టర్లు ఎక్కడెక్కడ అంటిస్తారో కూడా రాయండి. మన వాట్సాప్ గ్రూపులో పెట్టడం ప్రచారం కిందికి రాదు. పూజ పెట్టాలనుకుంటే ఫారం రూల్స్ ముందు చదవండి. మత కార్యక్రమాల గురించి ఒక్కో కమిటీ రూల్ ఒక్కోలా రాసుంటుంది.

కమిటీ ముందు ఐదు నిమిషాలు

కొన్నిచోట్ల ఎదురుగా పిలుస్తారు. వీసా ఇంటర్వ్యూ గుర్తొచ్చి టెన్షన్ పడతారు, అవసరం లేదు, అటువైపున్నది మీలాంటి విద్యార్థులే. బడ్జెట్ షీట్ తెచ్చుకోండి, స్లైడ్లు వద్దు. రెండు ప్రశ్నలు ఖాయం: సంఘం బయటివాళ్లు ఎలా వస్తారు, మేం మొత్తం ఇవ్వకపోతే ఏం చేస్తారు? రెండోదానికి "మీరు 250 ఇస్తే స్నాక్స్ తగ్గించి, మిగతాది ఇంటర్నేషనల్ ఆఫీసుని అడుగుతాం" లాంటి జవాబు సిద్ధంగా ఉంచుకోండి. "ఎలాగోలా చేస్తాం" అంటే, ఎలాగోలా చేసుకుంటారులే అని తగ్గించేస్తారు.

మంజూరయ్యాక: బిల్లులే దేవుళ్లు

మంజూరు మెయిల్ రాకముందు ఒక్క డాలరూ ఖర్చు పెట్టకండి. ముందు కొన్న వాటికి డబ్బు తిరిగి ఇవ్వకపోవడం దాదాపు అన్ని కమిటీల రూల్. సేల్ ఉందని కప్పులు నెల ముందు కొన్నవాళ్లు ఆ కప్పులకి సొంత డబ్బే పెట్టుకున్నారు.

డబ్బు మీ చేతికివ్వరు. కేటరర్‌కి యూనివర్సిటీయే నేరుగా కట్టొచ్చు, ఆఫీసు కార్డుతో కొనిపెట్టొచ్చు, లేదా మీరు కొని బిల్లులిస్తే వారాల తర్వాత తిరిగి ఇవ్వొచ్చు. వీలైనంతవరకు మొదటి దారి పట్టండి. మొదటి రెండు నెలల్లో క్రెడిట్ కార్డు లిమిటే 500 డాలర్లుండే విద్యార్థి 270 డాలర్లు పెట్టి నెలన్నర ఎదురుచూడటం చిన్న విషయం కాదు. నేరుగా కట్టించాలంటే కేటరర్ నుంచి డబ్ల్యూ-9 (తమ ట్యాక్స్ నంబరు తెలిపే ఫారం), ఇన్వాయిస్ తెప్పించాలి. ఊరి చివర చిన్న ఇండియన్ రెస్టారెంట్ అంకుల్‌ని అడిగితే "ఇవన్నీ ఎందుకమ్మా, క్యాష్ ఇచ్చెయ్" అంటారు. ఓపిగ్గా చెప్పండి, రెండు వారాల ముందే అడగండి.

బిల్లులో వస్తువు వస్తువుకీ ధర ఉండాలి. నేను మొదటిసారి సమోసాలకి కార్డు స్లిప్పు ఒక్కటే తెచ్చాను, మొత్తం అంకె తప్ప ఏం లేదు. ఆఫీసు వెనక్కి పంపింది. రెస్టారెంట్‌కి మళ్లీ బస్సులో వెళ్లి, వాళ్ల మెషీన్‌లో పాత బిల్లు దొరకక, చేత్తో రాయించుకుని సంతకం పెట్టించుకుని వచ్చేసరికి గడువు దాటింది. 96 డాలర్లు నావే. అప్పట్నుంచి బిల్లు చేతికి రాగానే ఫోటో తీస్తాను, ఇంటి సరుకులకి కూడా.

ఇంటి సరుకులంటే గుర్తొచ్చింది: గ్రాంటు సామానూ మీ ఇంటి పాలూ పెరుగూ ఒకే బిల్లులో వేయించకండి. పబ్లిక్ యూనివర్సిటీ అయితే సేల్స్ ట్యాక్స్ మినహాయింపు సర్టిఫికెట్ ఉందేమో అడగండి. చాలాచోట్ల ఉంటుంది, అది చూపించకుండా మీరు కట్టిన ట్యాక్స్ తిరిగి రాకపోవచ్చు. ఎవరి దగ్గరైనా చందా వసూలు చేస్తే సంఘం ఖాతాకే పంపమనండి. ఫోన్‌తో డబ్బు పంపుకునే జెల్ (Zelle) ద్వారా మీ సొంత అకౌంట్‌లోకి డబ్బు రానివ్వకండి.

ఆ సాయంత్రం

మొదటి ఇరవై నిమిషాలే కష్టం. తలుపు దగ్గర ఇద్దరు నిలబడాలి, ఒకరు మన సంఘం, ఒకరు వాళ్ల సంఘం. పేరు స్టిక్కర్ మీద పేరు కింద ఎలా పిలవాలో కూడా రాయించండి. 'లక్ష్మీప్రసన్న' అని చూసి నోరు తెరవడానికి భయపడిన వాళ్లు 'ప్రసన్న' అని చూస్తే పిలుస్తారు. స్టిక్కర్ మీద బల్ల నంబరు మీరే రాసి ఇవ్వండి. ఎక్కడైనా కూర్చోండి అన్నారంటే ఐదు నిమిషాల్లో అన్ని బల్లలూ దేశాల వారీగా విడిపోతాయి.

వాలంటీర్లకి ఒకటే షరతు: బల్ల దగ్గర వేరే భాష వాళ్లుంటే తెలుగు వద్దు. కష్టమే. పక్కవాడు "మామా" అనగానే మనకి తెలియకుండానే తెలుగులోకి జారిపోతాం. పాటలు తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి.

లెక్క కోసం తలుపు దగ్గర క్యూఆర్ కోడ్‌తో చిన్న ఫారం పెట్టండి: డిపార్ట్‌మెంట్, ఏ సంవత్సరం, ఈ సంఘంలో ఉన్నారా లేదా. వెళ్లేటప్పుడు ఒకే ప్రశ్న: ఈ రోజు ఎంతమంది కొత్తవాళ్లతో మాట్లాడారు? ఫోటోలు వద్దన్న వాళ్లకి స్టిక్కర్ రంగు మార్చండి.

రిపోర్టు, ఆ తర్వాత ఫోల్డర్

కార్యక్రమం అయిన వారంలోనే రిపోర్టు పంపండి, గడువు నెల ఉన్నా సరే. వచ్చింది 45కి బదులు 31 అయితే 31 అనే రాయండి. ఎందుకు తగ్గిందో, వచ్చేసారి ఏం మారుస్తారో ఒక వాక్యం చేర్చండి. కమిటీలో ఉన్నప్పుడు నాకు అంకె తగ్గిన రిపోర్టులంటే నమ్మకం కుదిరేది. ప్రతిసారీ "అద్భుత స్పందన" అని రాసేవాళ్ల మీదే అనుమానం వచ్చేది. మిగిలిన డబ్బు మిగిలిందనే చెప్పండి.

మాస్టర్స్ వాళ్లం రెండేళ్లలో వెళ్లిపోతాం. ఏటా కొత్త ఆఫీసర్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు, మళ్లీ కార్డు స్లిప్పులు తెస్తారు. కాబట్టి సంఘం మెయిల్ ఖాతాలో, మీ సొంత దాంట్లో కాదు, ఒక ఫోల్డర్ పెట్టండి. అప్లికేషన్, బడ్జెట్ షీట్, మంజూరు మెయిల్, బిల్లుల ఫోటోలు, కేటరర్ డబ్ల్యూ-9, గది బుక్ చేసే లింకు, రిపోర్టు. ఇరానీ సంఘంలో ఎవరితో మాట్లాడారో వాళ్ల సంఘం మెయిల్ ఐడీ. వేప పువ్వు ఏ స్టోర్‌లో, ఏ అరలో దొరికిందో కూడా.